దగ్గు, జలుబుకు స్టూల్ టెస్ట్ పనికొస్తుందా? ఏ శాంపిల్ ఎప్పుడు ఇవ్వాలి

పిల్లాడికి మూడు రోజులుగా జ్వరం, దగ్గు. నిన్నటి నుంచి మోషన్స్ కూడా మొదలయ్యాయి. వానలు పడే రోజుల్లో తిరుపతిలో ఏ ల్యాబ్ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడినా ఇలాంటి బిడ్డల్ని ఎత్తుకొచ్చిన అమ్మానాన్నలు కనిపిస్తారు. వాళ్ల నోటి నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఇది: "ముక్కులో ఆ పుల్ల పెడితే వాడు గుక్కపట్టి ఏడుస్తాడండీ. మోషన్ తెచ్చిస్తాం, అందులో వైరస్ తెలిసిపోదా?"

అడగాల్సిన ప్రశ్నే. కోవిడ్ రోగుల మలంలో వైరస్ కనిపించిందని 2020 నుంచి అందరం వింటూనే ఉన్నాం. మురుగునీళ్లలో కూడా కనిపించిందని పేపర్లలో చదివాం. అలాంటప్పుడు ముక్కును, గొంతును ఎందుకు ఇబ్బంది పెట్టాలి అనిపించడం సహజం.

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసే మనిషిగా నా సలహా ముందే చెప్పేస్తాను. మంచంలో ఉన్న మనిషికి ఇప్పుడు ఏ జబ్బు చేసిందో, పక్కవాళ్లకు అంటుతుందో లేదో తేల్చుకోవాలంటే ముక్కు, గొంతు స్వాబే (దూది పుల్లతో తీసే శాంపిల్) ఇవ్వండి. స్టూల్ టెస్ట్ దానికి బదులు కాదు. అయితే మలం శాంపిలే ముందు తీసుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మరిచిపోతే బిడ్డ జీవితానికే కాదు, ఊరంతటికీ నష్టం. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మలంలోకి ఊపిరితిత్తుల వైరస్ ఎలా వచ్చింది?

రెండు దారులున్నాయి. మొదటిది చాలా మామూలు దారి. జలుబు చేసినప్పుడు చీమిడి, కఫం మనకు తెలియకుండానే మింగేస్తాం. పిల్లలైతే ఉమ్మడం రాదు కాబట్టి మొత్తం మింగేస్తారు. అందులోని వైరస్ కడుపులోకి, అక్కడి నుంచి పేగుల్లోకి వెళుతుంది. రెండో దారిలో వైరస్ పేగు కణాల్లోనే దిగి పెరుగుతుంది. కోవిడ్ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ఏస్2 అనే ప్రోటీన్ ఊపిరితిత్తుల్లోనే కాకుండా చిన్నపేగు లోపలి పొరలో కూడా బాగా ఉంటుంది. కోవిడ్ వచ్చిన కొందరికి దగ్గు కంటే ముందే మోషన్స్ పట్టుకోవడానికి ఇదొక కారణం.

ఏ దారిన వచ్చినా, పేగుల్లో వైరస్ పరిస్థితి సుఖంగా ఉండదు. ఫ్లూ, కరోనా లాంటి వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. కడుపులోని ఆమ్లం, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం ఆ పొరను చెడగొడతాయి. పొర పోయిన వైరస్ ఎవరికీ అంటదు. కానీ లోపలి జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కొన్ని మిగిలి బయటికొస్తాయి. పీసీఆర్ పట్టుకునేది ఆ ముక్కల్నే. పెళ్లయిపోయాక పందిరి వెనక కుప్పపోసిన విస్తళ్లు చూసి ఇక్కడ భోజనాలు జరిగాయని చెప్పొచ్చు గానీ, బంధువులు ఇంకా ఇంట్లోనే ఉన్నారని చెప్పలేం కదా. మలంలో "డిటెక్టెడ్" అని వచ్చిన రిపోర్టును కూడా అలాగే చదవాలి.

అందుకే "మలంలో జన్యుపదార్థం దొరికింది", "మలంలో బతికున్న వైరస్ దొరికింది" అనే రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది. జర్మనీలో మొదటి కోవిడ్ రోగుల మీద చేసి 2020లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో మలంలో ఆర్‌ఎన్‌ఏ బాగానే దొరికింది. అదే మలాన్ని కణాల మీద వేసి పెంచి చూస్తే వైరస్ పెరగలేదు. చైనాలో ఒకరిద్దరు రోగుల మలం నుంచి మాత్రం బతికున్న వైరస్‌ను వేరుచేయగలిగారు. అంటే అసాధ్యమేమీ కాదు, అరుదు.

అంకెలు ఏం చెబుతున్నాయి

2020 మార్చిలో 'జామా' పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. చైనాలో 205 మంది కోవిడ్ రోగుల నుంచి రకరకాల శాంపిళ్లు, మొత్తం 1070 తీసి పీసీఆర్ చేశారు. ఊపిరితిత్తుల లోపల సెలైన్‌తో కడిగి తీసిన ద్రవంలో 93 శాతం పాజిటివ్. కఫంలో 72 శాతం. ముక్కు స్వాబులో 63 శాతం, అవి ఎనిమిదే శాంపిళ్లు. గొంతు స్వాబులో 32 శాతం. మలంలో 29 శాతం. రక్తంలో 1 శాతం. 72 మూత్రం శాంపిళ్లలో ఒక్కటీ పాజిటివ్ రాలేదు.

గొంతు 32, మలం 29 చూసి "రెండూ ఒకటేగా" అనిపిస్తుంది. అక్కడే తొందరపడకూడదు. అందులో ఉన్నవాళ్లంతా జబ్బు ముందే నిర్ధారణ అయి ఆసుపత్రిలో ఉన్నవాళ్లు. జబ్బు మొదలైన రెండో రోజు తీసే స్వాబు, రెండు వారాల తర్వాత తీసే స్వాబు ఒకలాంటివి కావు. రోజులు గడిచేకొద్దీ గొంతులో వైరస్ తగ్గుతుంది, మలంలో ఆర్‌ఎన్‌ఏ నెమ్మదిగా, ఎక్కువకాలం వస్తూ ఉంటుంది.

ఈ తేడాను కొలిచిన అధ్యయనం కూడా ఉంది. చైనాలోనే 74 మంది రోగుల్ని గమనిస్తే 41 మంది మలంలో ఆర్‌ఎన్‌ఏ దొరికింది, అంటే సగం కంటే కొంచెం ఎక్కువ. ఆ 41 మందిలో లక్షణాలు మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే శ్వాసకోశ శాంపిళ్లు సగటున 16.7 రోజులు పాజిటివ్‌గా ఉంటే, మలం 27.9 రోజులు ఉంది. మిగతా 33 మందికి శ్వాసకోశంలో వైరస్ ఉన్నా మలంలో అసలు కనిపించనే లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన దాంట్లో, తీవ్రత తక్కువగా ఉన్న రోగుల్లో మొదటి వారంలో 49.2 శాతం మందికి మలంలో ఆర్‌ఎన్‌ఏ కనిపించింది. నాలుగు నెలల తర్వాత కూడా 12.7 శాతం మందికి, ఏడు నెలలకు 3.8 శాతం మందికి కనిపిస్తూనే ఉంది. నాలుగో నెలకు వాళ్లలో ఎవరి గొంతులోనూ లేదు.

ఈ అంకెల్ని మన ఇంటి సమస్యకు అన్వయిస్తే రెండు విషయాలు తేలతాయి. స్టూల్ నెగెటివ్ వచ్చిందంటే జబ్బు లేదని నమ్మడానికి లేదు, ఎందుకంటే జబ్బున్న వాళ్లలో సగం మందికి అది నెగెటివే వస్తుంది. స్టూల్ పాజిటివ్ వచ్చిందంటే ఇప్పుడే జబ్బు చేసిందని అనుకోవడానికీ లేదు, ఎప్పుడో వచ్చి తగ్గిపోయింది కావచ్చు. అవునన్నా కాదన్నా గట్టిగా నిలబడని పరీక్ష మీద వైద్యం మొదలుపెట్టడం కష్టం.

మొదటి వారంలో ఏది?

స్వాబ్. ఇందులో రెండో మాట లేదు. ఫ్లూ అనుమానమైతే ఇంకా తొందరపడాలి. ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు, ఆస్తమా ఉన్న పిల్లలు ఉన్న ఇళ్లలో ఈ 48 గంటలు చాలా విలువైనవి. మోషన్ వచ్చేదాకా ఆగి, డబ్బాలో పట్టి, మర్నాడు ల్యాబుకు తెచ్చేసరికి ఆ సమయం కాస్తా గడిచిపోతుంది.

మెడికల్ షాపులో దొరికే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ సంగతేంటి? 2021 మే నెలలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మొదటిసారి ఇంట్లో చేసుకునే కోవిడ్ కిట్‌కు అనుమతి ఇచ్చింది. అది ముక్కు స్వాబుకు చేసిన కిట్. వైరస్ ఎక్కువగా ఉన్న మొదటి కొద్ది రోజుల్లో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలని ఐసీఎంఆర్ అప్పట్లోనే చెప్పింది, ఇప్పటికీ అదే మంచి పద్ధతి. ఆ కిట్ మీద మలం వేసి చూడాలని దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. అడిగినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.

జబ్బు ముదిరి ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేరిన వాళ్లకు గొంతు స్వాబు నెగెటివ్ రావచ్చు. వైరస్ పైనుంచి కిందికి, ఊపిరితిత్తుల్లోకి దిగిపోయి ఉంటుంది. అప్పుడు డాక్టర్లు కఫం గానీ, గొట్టం వేసిన రోగికైతే లోపలి నుంచి తీసిన ద్రవం గానీ పంపిస్తారు. ఇంట్లో వాళ్లు "మోషన్ కూడా పంపండి సార్" అని అడగాల్సిన పని లేదు. అక్కడ జవాబు దొరికేది ఛాతీలోనే.

పెద్ద ప్యానెల్ తీసుకునేవాళ్లు ఇది చూసుకోండి

డబ్బులు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో ఒకేసారి ఇరవైకి పైగా సూక్ష్మజీవుల్ని వెతికే మల్టీప్లెక్స్ ప్యానెళ్లు దొరుకుతున్నాయి. వేలల్లో ఖర్చు. వీటిలో శ్వాసకోశ ప్యానెల్ వేరు, జీర్ణకోశ ప్యానెల్ వేరు. ఉదాహరణకు బయోఫైర్ వాళ్ల జీర్ణకోశ ప్యానెల్ 22 రకాల్ని చూస్తుంది. అందులోని వైరస్‌లు నోరో, రోటా, ఆస్ట్రో, సాపో, ఇంకా అడినోవైరస్‌లో మోషన్స్ కలిగించే 40, 41 రకాలు. ఫ్లూ లేదు, కోవిడ్ లేదు, పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ లేదు. దగ్గుతో ఉన్న బిడ్డకు "స్టూల్ ప్యానెల్" చేయించి, అంతా నెగెటివ్ వచ్చింది కాబట్టి వైరస్ లేదనుకుంటే మోసపోయినట్టే. అది ఆ వైరస్‌ల కోసం వెతకనే లేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు ల్యాబ్ వాళ్లను మొహమాటపడకుండా అడగండి. ఈ టెస్ట్ ఏ వైరస్‌ల పేర్లు చూస్తుంది? ఆ కిట్‌ను మలం శాంపిల్ మీద పనిచేస్తుందని పరీక్షించి అనుమతి తెచ్చుకున్నారా, లేక స్వాబు కిట్‌నే మలానికి వాడుతున్నారా? రెండో ప్రశ్నకు తడబడితే వద్దనేయండి. శ్వాసకోశ వైరస్‌ల పీసీఆర్ కిట్లలో ఎక్కువ భాగం ముక్కు, గొంతు శాంపిళ్లకే అనుమతి పొందినవి. వాటితో మలంలో చేసిన ఫలితం పరిశోధనకు పనికొస్తుంది గానీ, ప్రిస్క్రిప్షన్ రాయడానికి పనికిరాదు.

మలం శాంపిలే ముందు ఇవ్వాల్సిన సందర్భాలు

ముందుగా, అన్నిటికంటే ముఖ్యమైనది. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే, మెత్తబడి వేలాడుతుంటే, అది జ్వరం, జలుబు తర్వాత వచ్చినా సరే, మలం శాంపిల్ తప్పనిసరి. పోలియో వైరస్ గొంతులో కొద్దికాలమే ఉంటుంది, మలంలో వారాల తరబడి వస్తుంది. చచ్చుబడిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు శాంపిళ్లు తీసి ఐస్‌లో పెట్టి పంపాలి. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది, 2014 మార్చిలో పోలియోరహిత ధ్రువీకరణ దక్కింది. అది నిలబడాలంటే ప్రతి చచ్చుబాటు కేసు నుంచీ ఈ రెండు డబ్బాలు వెళ్లాల్సిందే. పుత్తూరులో ఉన్నా పలమనేరులో ఉన్నా మీ పీహెచ్‌సీకి వెంటనే చెప్పండి, ఈ పరీక్షకు మీరు పైసా కట్టక్కర్లేదు.

ఇందులోనే ఒక మెలిక ఉంది. పోలియో కుటుంబానికే చెందిన ఎంటెరోవైరస్ డీ68 కూడా కొందరు పిల్లల్లో చచ్చుబాటు తెస్తుంది. కానీ దానికి ఆమ్లం పడదు, మలంలో దొరకడం అరుదు, ముక్కు, గొంతులోనే దొరుకుతుంది. పోలియోను మలంలో, డీ68ను ముక్కులో వెతకాలి. అందుకే ఇలాంటి బిడ్డకు రెండు రకాల శాంపిళ్లూ తీయించుకోవడం మంచిది. ఈ వ్యాసం మొత్తంలో "రెండూ చేయించండి" అని నేను వెనకాడకుండా చెప్పే చోటు ఇదే.

తర్వాత అడినోవైరస్. దీనికి కొవ్వు పొర ఉండదు, పేగుల్లో దిట్టంగా బతుకుతుంది. కొన్ని రకాలు జ్వరం, గొంతునొప్పి, కళ్లకలక తెస్తాయి, కొన్ని మోషన్స్ తెస్తాయి. జలుబు తెచ్చే రకం కూడా పిల్లల మలంలో నెలల తరబడి వస్తూ ఉండొచ్చు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న పిల్లల విషయం వేరు. వాళ్ల మలంలో అడినోవైరస్ పెరుగుతోందంటే అది రక్తంలోకి పాకబోతోందన్న హెచ్చరిక కావచ్చు. అలాంటి వాళ్లకు డాక్టర్లే వారం వారం స్టూల్ పీసీఆర్ రాస్తారు. చిత్తూరు వాళ్లలో చాలామంది ఇలాంటి పెద్ద వైద్యానికి పక్కనే ఉన్న వేలూరు సీఎంసీకి వెళుతుంటారు. అక్కడ రాసిచ్చిన స్టూల్ టెస్టును "దగ్గేగా, మళ్లీ ఎందుకు" అని మానేయకండి.

మూడోది, దగ్గు లేకుండా మోషన్స్, జ్వరంతోనే శ్వాసకోశ వైరస్ బయటపడే కేసులు. వియత్నాంలో ఒక బిడ్డకు మోషన్స్, ఆ తర్వాత మెదడువాపు వచ్చి చనిపోతే అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేలింది, మలంలోనూ ఆ వైరస్ దొరికింది. ఈ విషయం 2005లో ప్రచురితమైంది. అమెరికాలో 2020 జనవరిలో గుర్తించిన మొట్టమొదటి కోవిడ్ రోగికి దగ్గు ఉన్నా, దాంతో పాటు మోషన్స్ కూడా అయ్యాయి, ఏడో రోజు మలంలో ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది. ఇలాంటి కేసుల్లో ఏది పంపాలో నిర్ణయించాల్సింది డాక్టరే. మనం చేయగలిగేది ఒక్కటి, చరిత్ర సరిగ్గా చెప్పడం. కోళ్ల ఫారంలో పనిచేస్తారా, కోళ్లు చచ్చిపోయాయా, ఎవరైనా దూరం నుంచి వచ్చారా? చిత్తూరు జిల్లాలో కోళ్లు పెంచే కుటుంబాలు తక్కువేం కాదు.

డబ్బాలో పట్టిన మలమా, మలద్వారం స్వాబా?

2021 జనవరిలో బీజింగ్‌లో కోవిడ్‌కు మలద్వారం స్వాబులు తీయడం మొదలుపెట్టినప్పుడు ప్రపంచమంతా చర్చ అయింది. తమ పౌరులకు అది వద్దని జపాన్ అధికారికంగా కోరింది. మనిషి గౌరవం సంగతి అలా ఉంచితే, పరీక్షగా చూసినా డబ్బాలో పట్టిన మలమే మేలు. స్వాబుకు అంటుకునేది చాలా కొద్ది, ఎంత వచ్చిందో లెక్క ఉండదు. మోషన్ రాని పసిబిడ్డకు, లేదా స్పృహలేని రోగికి తప్ప నేను స్వాబును ఎంచుకోను.

ఇంట్లో పట్టేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నే. మూతకే చెంచా ఉండే స్టూల్ డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. మూత్రం కలవకూడదు. కమోడ్ నీళ్లలోంచి తీయకూడదు, అందులో ఫినాయిలో హార్పిక్కో ఉంటే ఆర్‌ఎన్‌ఏ అక్కడికక్కడే పోతుంది. పసిపిల్లలకు డైపర్‌ను తిరగేసి, ప్లాస్టిక్ వైపు లోపలికి వచ్చేలా కడితే పీల్చుకోకుండా నిలుస్తుంది. మన ఎండల్లో బండి డిక్కీలో పెట్టుకుని ఊళ్లు తిరిగితే ఆ శాంపిల్ ఎందుకూ పనికిరాదు. ఐస్ ముక్కలు వేసిన ఫ్లాస్కులో నిలబెట్టి తెండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, విడిగా రెండు కవర్లలో కట్టి, తినేవాటికి దూరంగా.

ల్యాబులో మలం ఎందుకు మొండికేస్తుంది

స్వాబుతో పోలిస్తే మలం మాకు చాలా పని పెడుతుంది. బఠాణీ గింజంత తీసి బఫర్ ట్యూబులో వేసి వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కుదిపే యంత్రం) మీద పెడతాం. గోధుమరంగు చిక్కటి ద్రవం అవుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పీచు, గింజల తొక్కలు, బాక్టీరియా కింద కూర్చుంటాయి. పైన తేరిన దాన్ని మాత్రమే తీసి ఆర్‌ఎన్‌ఏ వేరుచేస్తాం. ఇంత చేశాక చివర్లో వచ్చే ద్రవం నీళ్లలా తేటగా ఉండాలి. లేత పసుపు కనిపించిందంటే ఇబ్బంది మొదలైనట్టే. పైత్య లవణాలు, తిండిలోని సంక్లిష్టమైన పిండిపదార్థాలు ఇంకా అందులో ఉన్నాయని అర్థం. అవి పీసీఆర్‌లో పనిచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. వైరస్ ఉన్నా మెషిన్ "లేదు" అంటుంది.

దీన్ని పట్టుకోవడానికే ప్రతి శాంపిల్‌లోనూ మేమే తెలిసిన ఒక ఆర్‌ఎన్‌ఏను కలుపుతాం. మనుషులకు హాని చేయని ఎంఎస్2 అనే వైరస్‌ను చాలామంది వాడతారు. పీసీఆర్ మెషిన్ జన్యుపదార్థాన్ని రెట్టింపు చేసే ఒక్కో విడతను సైకిల్ అంటారు. శుభ్రమైన శాంపిల్‌లో ఎంఎస్2 గీత 27, 28 సైకిళ్ల దగ్గర లేస్తుందనుకోండి. మలం శాంపిల్‌లో అదే గీత 33 దాకా లేవకపోతే, లేదా అసలు లేవకపోతే, ఆ రిపోర్టును నెగెటివ్ అని ఇవ్వకూడదు. పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపాలి. పలచన చేసినప్పుడు అడ్డుపడే పదార్థాలు తగ్గి గీత లేస్తుంది, కానీ వైరస్ కూడా పది రెట్లు తగ్గి దాని గీత 3.3 సైకిళ్లు ఆలస్యంగా లేస్తుంది. అంచు మీద ఉన్న పాజిటివ్ ఇక్కడ జారిపోవచ్చు. స్వాబులో ఈ తలనొప్పి చాలా తక్కువ. అందులో మనిషి జన్యువైన ఆర్‌నేజ్-పీ కనిపిస్తే శాంపిల్ సరిగ్గా తీశారని కూడా తెలిసిపోతుంది. మలంలో ఆ జన్యువు మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

"సీటీ 34 వచ్చింది, ఇంట్లో వేరే గదిలో ఉంచాలా?" అని స్టూల్ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడేవాళ్లకు: సీటీ అంటే వైరస్ గీత లేచిన సైకిల్ అంకె, మలంలో వచ్చిన సీటీని గొంతు సీటీతో పోల్చకూడదు. వేరే గదిలో ఉంచాలా వద్దా అనేది లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, జ్వరం తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మలం పాజిటివ్‌గా ఉన్నంతకాలం బిడ్డను బడికి పంపకుండా ఆపేస్తే, పైన చూసినట్టు కొందరిని నెలల తరబడి ఆపాల్సొస్తుంది. సబ్బుతో చేతులు కడగడం, బాత్రూం శుభ్రంగా ఉంచడం, ఫ్లష్ చేసే ముందు కమోడ్ మూత వేయడం చాలు. బాత్రూం నేల మీది నీళ్ల కన్నానికి ఉండే వంపు ఎండిపోకుండా అప్పుడప్పుడు మగ్గు నీళ్లు పోయండి. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో కోవిడ్ వైరస్‌కు దగ్గరి బంధువైన సార్స్ 300 మందికి పైగా పాకింది. మోషన్స్ ఉన్న ఒక రోగి వాడిన బాత్రూం పైపుల్లోంచి, ఎండిపోయిన ఆ వంపుల గుండా తుంపర్లు పై ఇళ్లలోకి చేరాయని అప్పటి దర్యాప్తులో తేల్చారు.

థీసిస్ కోసం ఎంచుకునేవాళ్లకు

స్విమ్స్, ఎస్వీ మెడికల్ కాలేజీ, విశ్వవిద్యాలయాల లైఫ్ సైన్స్ విభాగాల్లో చదివే పిల్లలు ఈ అంశం మీద ప్రాజెక్టు చేస్తామని అడుగుతుంటారు. ఉత్సాహం నాకు నచ్చుతుంది, కానీ "మలంలో వైరస్ శాతం" అని మాత్రమే లెక్కపెట్టే పని ఇప్పటికే చాలాచోట్ల జరిగింది. ఒకే రోగి నుంచి ఒకే రోజు స్వాబు, మలం రెండూ తీసి, తర్వాత వారం వారం మళ్లీ తీస్తే ఆ పనికి విలువ ఉంటుంది. తక్కువ మందినే తీసుకోండి, ఎక్కువసార్లు తీయండి.

పద్ధతి విషయానికొస్తే, మామూలు ఆర్‌టీ-పీసీఆర్ చాలావరకు సరిపోతుంది, రెండు జన్యువులు పాజిటివ్ వస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. డిజిటల్ పీసీఆర్ దొరికితే మలానికి అదే మంచిది. శాంపిల్‌ను వేలాది చిన్న బొట్లుగా విడగొట్టడం వల్ల అడ్డుపడే పదార్థాల ప్రభావం తగ్గుతుంది, అంకె కూడా నేరుగా వస్తుంది. మెషిన్, కిట్లు ఖరీదు, అదొక్కటే ఇబ్బంది. వైరస్ పేగుల్లో పెరుగుతోందా, లేక మింగినదే బయటికొచ్చిందా అన్న ప్రశ్న మీకు ముఖ్యమైతే కల్చర్ (కణాల మీద వైరస్‌ను పెంచి చూడటం) చేయాలి. దానికి బీఎస్‌ఎల్-3 (వైరస్ బయటికి పోకుండా కట్టుదిట్టంగా కట్టిన ల్యాబ్) కావాలి, అది మీకు అందుబాటులో లేకపోతే సబ్‌జీనోమిక్ ఆర్‌ఎన్‌ఏను వెతకొచ్చు. అది కణంలో వైరస్ పెరిగేటప్పుడే తయారవుతుంది. పూర్తి రుజువు అనలేం గానీ ఉత్త ఆర్‌ఎన్‌ఏ కంటే బలమైన ఆధారం. శాంపిళ్లను మైనస్ 70లో దాచడానికి చోటుందో లేదో మొదలుపెట్టే ముందే చూసుకోండి. కరిగించి, మళ్లీ గడ్డకట్టించిన మలం మీద వచ్చిన నెగెటివ్‌కు ఎవరూ విలువ ఇవ్వరు.

మనిషి వద్దు, ఊరు కావాలంటే: మురుగునీరు

ఒక్క మనిషి విషయంలో బలహీనంగా ఉన్న ఈ పరీక్ష, ఊరి మొత్తానికి వచ్చేసరికి బలంగా మారుతుంది. సగం మంది మలంలోనే వైరస్ ఉన్నా పర్వాలేదు, ఆ సగం మంది కలిసేది ఒకే కాలువలో. పరీక్ష చేయించుకోని వాళ్లు, లక్షణాలు లేనివాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020లో మురుగుశుద్ధి కేంద్రాల నీళ్లలో కోవిడ్ ఆర్‌ఎన్‌ఏను కొలిచి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా వేశారు. ఆసుపత్రి లెక్కలకు అందని సంగతి అది. పోలియో కోసం ముంబైలో 2001 నుంచే మురుగునీటిని పరీక్షిస్తున్నారు.

మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది? భూగర్భ డ్రైనేజీ ఉన్న తిరుపతి నగరానికి పనికొస్తుంది, తూకివాకం శుద్ధి కేంద్రంలాంటి చోట నీళ్లు ఒకేచోటికి చేరతాయి కాబట్టి. చిత్తూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెలకు ఇది సరిపోదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకో, పిట్టో ఉంటుంది గానీ కలిసే కాలువ లేదు. అక్కడ పీహెచ్‌సీలో జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్ల స్వాబులు వారానికి కొన్ని తీయడమే మంచి ఎంపిక.

తిరుమల మాత్రం ప్రత్యేకం. మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది వచ్చే కొండ అది. అక్కడి మురుగులో కనిపించేది తిరుమల వాసుల ఆరోగ్యం కాదు, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చి ఒకట్రెండు రోజుల్లో వెళ్లిపోయే యాత్రికులది. కొత్త వైరస్ దక్షిణాదిలోకి వచ్చిందా అని ముందే పసిగట్టడానికి అంతకంటే మంచి చోటు మన రాష్ట్రంలో ఇంకొకటి నాకు తోచడం లేదు. కానీ ఆ అంకెతో "తిరుపతిలో కేసులు పెరిగాయి" అని రాస్తే తప్పవుతుంది. కొండ మీది నీళ్లు, కింద నగరం నీళ్లు విడివిడిగా కొలవాలి.

జనం రోజూ మారుతుంటే అంకెల్ని ఎలా పోలుస్తాం? బ్రహ్మోత్సవాల వారంలో వైరస్ పెరిగిందా, మనుషులే పెరిగారా? దీనికి శాస్త్రవేత్తలు వాడే కొలబద్ద మన మిరపకాయే. పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అని మిరప మొక్కలకు వచ్చే వైరస్ ఒకటుంది. కారం, సాస్, పచ్చళ్లతో పాటు కడుపులోకి వెళ్లి, మనల్ని ఏమీ చేయకుండా మలంలో బయటికొస్తుంది. మనిషి మలంలో ఎక్కువగా దొరికే ఆర్‌ఎన్‌ఏ వైరస్ ఇదేనని 2006లో గుర్తించారు. మురుగులో దాని పరిమాణంతో కోవిడ్ లేదా ఫ్లూ ఆర్‌ఎన్‌ఏను భాగిస్తే, నీళ్లలో మనుషుల మలం ఎంత కలిసిందన్న తేడా సర్దుకుంటుంది. రాయలసీమ తిండికి ఈ కొలబద్ద పనిచేయదేమోనన్న భయం అక్కర్లేదు.

ఒక బాటిల్ ముంచి తెచ్చే శాంపిల్, 24 గంటలపాటు కొద్దికొద్దిగా పట్టే కాంపోజిట్ శాంపిల్, ఈ రెండింటిలో రెండోదే ఎంచుకోండి. ఉదయం ఆరు, ఏడు గంటల నీళ్లు, మధ్యాహ్నం బట్టలుతికిన నీళ్లు ఒకటి కావు. ఆటో సాంప్లర్ కొనే డబ్బు లేకపోతే గంటకోసారి మనిషితో పట్టించి, ఐస్‌లో పెట్టి కలపొచ్చు. వాన పడిన రోజును రిజిస్టర్‌లో రాయండి. మురుగులో అంకె పెరిగిన వారం, అదే ప్రాంతం ఆసుపత్రుల్లో తీసిన స్వాబుల ఫలితాలు కూడా చేతిలో ఉండాలి, లేకపోతే ఏ వైరస్ ఎవరిని మంచాన పడేస్తోందో తెలియదు. అందుకని ఆసుపత్రి వాళ్లతో ముందే మాట్లాడుకుని, రెండు రకాల శాంపిళ్లూ ఒకే వారంలో పడేలా చూసుకోండి.